డెబ్బై బండి, నూట ముప్పై బండి

చింతగుట్ట కింద జంతువుల దొడ్డి ఉంది. ఆ దొడ్డికి రెండు కరెంటు కార్లు వచ్చాయి. రెండూ ఒకే రోజు ఒకే లారీ మీంచి దిగాయి. ముందూ ఒకటే, వెనకా ఒకటే, రంగూ ఒకటే. ఒకటి తోలే పని ఎద్దు పుల్లయ్యకి అప్పజెప్పారు, రెండోది నక్క సింగారయ్యకి.

పుల్లయ్యది ఏళ్ల తరబడి కాడి మోసిన మెడ. చదువు అబ్బలేదు. అంకెల్లో పదిదాకా వస్తాయి, ఆ పైవాటిని దూరం నుంచి గౌరవంగా చూస్తాడు. పనిలో మాత్రం గింజంత తేడా ఒప్పుకోడు. పొద్దున్నే బండి చుట్టూ తిరిగి నాలుగు చక్రాల్నీ గిట్టతో తట్టి చూస్తాడు. గాలి తగ్గిన చక్రం చప్పుడు ఆయన చెవికి ఇట్టే దొరికిపోతుంది. బండిలో అక్కర్లేని బరువు గడ్డిపోచంత ఉన్నా తీసి అవతల పారేస్తాడు.

ఇంకొకటి. ఆయన్ని ఎవరైనా మాటంటే మర్చిపోడు. మూడేళ్ల కిందట సంతలో అందరి ముందూ సింగారయ్య ఆయన మెడ మీద కాయకాసిన చోటు చూసి, "ఏం మామా, ఇంకో తల మొలుస్తోందా?" అన్నాడు. పుల్లయ్య గడ్డితోపాటు ఆ మాటని కూడా రోజూ నెమరేస్తూనే ఉన్నాడు.

సింగారయ్య తోలకం వేరు. ఎక్కీ ఎక్కగానే పెడలు అడుగంటా నొక్కుతాడు. మలుపు రాగానే బ్రేకు మీద నిలబడతాడు. మలుపు దాటగానే మళ్లీ నొక్కుడు. బండి నెత్తిన ఇనప చట్రం, దాని మీద ఆయన పేరుతో తలుపంత బోర్డు, రెండు పక్కలా రెండు మైకులు. లోపల ఏసీ వణికించేస్తుంటుంది, అద్దాలు మాత్రం కిందికి దించి ఉంటాయి. లేకపోతే తను పోతున్నట్టు రోడ్డున పోయేవాళ్లకి తెలియదు కదా!

స్టీరింగు పక్కన ఒక తెర ఉంటుంది. రాత్రంతా ఛార్జింగు పెట్టాక, ఈ కరెంటుతో ఎంత దూరం పోవచ్చో ఆ తెర చెబుతుంది. పుల్లయ్య బండి నూట ముప్పై కిలోమీటర్లు అనేది. సింగారయ్య బండి డెబ్బై అనేది.

మూడు నెలలు చూసి, సింగారయ్య దొడ్డికి పెద్ద అయిన ఏనుగు దొడ్డమ్మ దగ్గరికి పోయి నిలబడ్డాడు.

"దొడ్డమ్మా, నాకు అన్యాయం జరిగిపోయింది."

"ఎవర్రా చేసింది?"

"ఇదిగో, ఈ మామే. రెండు బండ్లూ తాగే కరెంటు ఒకటే. ఆయనది నూట ముప్పై పోతానంటోంది, నాది డెబ్బైకే చేతులెత్తేస్తోంది. లారీ దగ్గరే మంచిది చూసి ఎత్తుకుపోయాడు."

పుల్లయ్య ముక్కుతో బుస్సుమన్నాడు. "ఎత్తుకుపోవడం మా వంశంలో లేదు అల్లుడా. అది మీ ఇంటి విద్య."

"అయితే నా బండి ఎందుకు పోదు?"

"నీ కాలు కాస్త ఊరుకుంటే పోతుంది."

"నా కాలా? నీ తోకంత లేదు నా కాలు! నేనెంత బరువుంటాను, నువ్వెంత బరువుంటావు? పైగా ఆ గేదెని కూడా ఎక్కించుకు తిరుగుతావు. బరువు తక్కువవాడి బండి ఎక్కువ దూరం పోవాలా వద్దా? దొడ్డమ్మా, తమరే చెప్పాలి."

బరువు మాట వచ్చేసరికి దొడ్డమ్మ కాస్త ఒదిగి నిలబడింది. ఆ సంగతి తొందరగా ముగించేద్దామనిపించింది. "గొడవెందుకు? మూడు నెలలు అతను తోలాడు కదా, ఇక నువ్వు తోలు. రేపటి నుంచి నీది అతనికి, అతనిది నీకు" అనేసింది.

"అమ్మా, రేపు సోమవారం" అన్నాడు పుల్లయ్య. "నల్లమ్మని తేనెబండకి తీసుకుపోవాలి."

గేదె నల్లమ్మకి గిట్ట చీలి పుండైంది. కనుమ అవతల తేనెబండలో కొంగ వైద్యుడు సోమవారం సోమవారం కట్టు మారుస్తున్నాడు. పోయేటప్పుడు యాభై ఐదు కిలోమీటర్లు, వచ్చేటప్పుడు యాభై ఐదు. మధ్యలో ఛార్జింగు పెట్టుకోవడానికి ఒక్క చోటు కూడా లేదు. డెబ్బై పోయే బండి నూట పది ఎలా పోతుంది?

"ఏదో ఒకటి చూసుకో పుల్లయ్యా, మాట ఇచ్చేశాను" అంది దొడ్డమ్మ.

ఒకసారి అడిగింది కాదంటే రెండోసారి అడగడం పుల్లయ్యకి చేతకాదు. తాళం తీసి సింగారయ్య ముందు పడేసి వెళ్లిపోయాడు.

నల్లమ్మే ఓదార్చింది. "పోనీలే తమ్ముడూ. ఒక్క వారం పోకపోతే ఏమవుతుంది?"

"ఏమవుతుందో కొంగ చెప్పలేదా? ఈ కట్టు మారకపోతే చీము ఎముకలోకి దిగుతుందన్నాడు, గిట్ట తీసెయ్యాలన్నాడు. నువ్వు మూడు కాళ్ల మీద మేతకి పోతావా అక్కా? బండి ఎక్కడ ఆగితే అక్కణ్ణుంచి నేనే లాక్కుపోతాను. నాకు కొత్త పనేం కాదు."

అటు సింగారయ్య కొత్త బండి తెర మీద నూట ముప్పై చూసుకుని మురిసిపోతున్నాడు. ఎలుగు భల్లన్న పెళ్లి కూడా సోమవారమే, అదీ తేనెబండలోనే. "బావా, నడిచి పోతావేం? నా బండి ఎక్కు" అన్నాడు. "నూట ముప్పై పోయే బండి! పోనూ రానూ నూట పది. మిగతా ఇరవైతో నిన్ను చుట్టుపక్కల అడవంతా ఊరేగిస్తాను." భల్లన్న పొంగిపోయి ఒప్పుకున్నాడు. చట్రమూ బోర్డూ మైకులూ పాత బండి మీంచి కొత్త బండి మీదికి మారాయి.

పుల్లయ్య ఆ సాయంత్రం డెబ్బై బండి వెనక తలుపు తెరిచి ఆశ్చర్యపోయాడు. రెండు గంపల ఎముకలు, విరిగిన కుర్చీ, ఎందుకు మోస్తున్నాడో ఎవరికీ తెలియని రోలు. అన్నీ దించేశాడు. చక్రాలు తడితే నాలుగూ మెత్తగా పలికాయి. గాలి కొట్టించాడు. ఛార్జింగు పెట్టి పడుకున్నాడు కానీ కంటి మీద కునుకు లేదు.

పొద్దున్నే నల్లమ్మ ఎక్కింది. ఆమె వీపు మీద ఎప్పుడూ కూర్చునే గోరింక బుడ్డెమ్మ కూడా ఎక్కింది. బుడ్డెమ్మకి చదువొచ్చు, ఆ సంగతి దొడ్డిలో తెలియనివాళ్లు లేరు.

"తెర ఏమంటోంది?" అన్నాడు పుల్లయ్య.

"డెబ్బై."

పుల్లయ్య నాగలి కదిపినట్టు నెమ్మదిగా బండి కదిపాడు. ఆగిన బరువుని లేపడానికి ఎంత ఒళ్లు ఖర్చవుతుందో ఆయన మెడకి తెలుసు. కదిలాక దాన్ని ఊరికే ఆపకూడదనీ తెలుసు. దూరంగా మేకలమంద రోడ్డు దాటుతుంటే, ఇంకా ఫర్లాంగు ఉండగానే పెడలు మీంచి కాలు తీసేశాడు. బండి తనంతట తనే జోరు తగ్గించుకుంది. దగ్గరికి వచ్చేసరికి మేకలు దాటిపోయాయి. బ్రేకుతో పని పడలేదు.

అంతలో వెనక నుంచి మైకులు, సన్నాయి పాట, హారను కలిసి మోగాయి. అడవంతా ఊరేగించి సింగారయ్య బండి అప్పుడు రోడ్డెక్కింది. పక్కకి వచ్చి, "మామా! దిగి నడువు, తొందరగా చేరతావు!" అని అరిచాడు. బాసికం కట్టుకున్న భల్లన్న కిటికీలోంచి చెయ్యి ఊపాడు. దుమ్ము లేపుకుంటూ పోయారు.

పుల్లయ్య చెవులు వేడెక్కాయి. కాలు దానంతట అదే బరువెక్కింది. బండి ఉరికింది.

"తమ్ముడూ," అంది నల్లమ్మ మెల్లగా, "కాడి కింద ఉన్నప్పుడు కూడా ఇట్లాగే ఎవరో అరిచారని పరిగెత్తేవాడివా?"

పుల్లయ్య రెండుసార్లు గట్టిగా ఊపిరి వదిలాడు. కాలు తేలిక చేశాడు. "వాడి మాట రాసిపెట్టుకుంటాలే" అన్నాడు.

"నీకు రాయడం రాదుగా" అంది బుడ్డెమ్మ.

"కొన్నిటికి రాత అక్కర్లేదు. తెర చూడు."

బుడ్డెమ్మ చూసింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. "పన్నెండు కిలోమీటర్లు వచ్చాం. డెబ్బైలో పన్నెండు పోవాలి. ఇది డెబ్బై ఆరు అంటోంది!"

"సరిగ్గా చదువమ్మా. చదువొచ్చని నమ్మి ఎక్కించుకున్నాను."

"డెబ్బై ఆరే! ఉండుండు, కింద చీమల్లాంటి అక్షరాలు ఏవో ఉన్నాయి." ముక్కు తెరకి ఆనించి చదివింది. "ఇంతకుముందు నడిపిన తీరుని బట్టి వేసిన అంచనా అట."

"అంటే?"

"అంటే ఇది బండి సత్తా కాదు పుల్లయ్యా, తోలినవాడి గుణం. నిన్నటిదాకా నక్క కాలు చూసి డెబ్బై అంది. ఇప్పుడు నీ కాలు చూస్తోంది, మాట మారుస్తోంది."

నల్లమ్మ అందుకుంది. "అయితే నువ్విచ్చిన ఆ బండి నూట ముప్పై అన్నది..."

"నా కాలు చూసి అన్న మాట" అన్నాడు పుల్లయ్య. ముగ్గురూ ఎదురుగా లేస్తున్న కనుమ వైపు చూశారు. పైన ఎక్కడో మైకులు ఇంకా మోగుతున్నాయి.

కనుమ ఎక్కుతుంటే తెర మీది అంకె దిగడం మొదలైంది. డెబ్బై. అరవై ఐదు. బుడ్డెమ్మ గొంతు సన్నబడింది. పుల్లయ్య మాత్రం జోరు పెంచలేదు, తగ్గించలేదు. "ఎక్కుడులో ఖర్చవుతుంది, దిగుడులో కొంత తిరిగొస్తుంది. మనకి ఒకటే నడక" అన్నాడు.

ఇంకో మలుపు తిరిగితే శిఖరం అనగా మైకులు ఆగిపోయాయి. మలుపులో సింగారయ్య బండి నిలబడి ఉంది. భల్లన్న బాసికం పక్కకి జారిపోయి, చెమటలు కక్కుతూ రోడ్డు మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"మామా, ఆపు! ఈ బండికి దయ్యం పట్టింది!" అన్నాడు సింగారయ్య. "నూట ముప్పై అని చెప్పి, చూస్తుండగానే వంద అంది, అరవై అంది, పది అంది. ఇప్పుడు తెర మీద తాబేలు బొమ్మ పెట్టింది! నాకు తాబేలు బొమ్మ! కొండ ఎక్కనంటోంది."

పుల్లయ్య బండి ఆపాడు. మూడేళ్లుగా నాలుక కింద దాచుకున్న మాట బయటికి వచ్చింది. "ఏం అల్లుడా, దానికి ఇంకో తల మొలుస్తోందేమో చూశావా?"

పుల్లయ్య ఒంట్లోంచి ఏదో ముల్లు ఊడిపడినట్టయింది.

"ముహూర్తం గంటలో ఉంది పెద్దాయనా" అన్నాడు భల్లన్న, ఏడుపు గొంతుతో.

"ఎక్కు నాయనా. కదలకుండా కూర్చో."

"మరి నేను?" అన్నాడు సింగారయ్య.

"దొడ్డి సొమ్ముని రోడ్డు మీద వదిలేసి వస్తావా? కాపలా ఉండు."

శిఖరం దాటాక అంతా దిగుడే. పుల్లయ్య కాలు తీసేసి కూర్చున్నాడు. బండి మెల్లగా తనని తానే పట్టుకుంటూ దిగింది, దిగినకొద్దీ కరెంటు కూడబెట్టుకుంది. తేనెబండలో ఆగేసరికి బుడ్డెమ్మ, "డెబ్బై రెండు!" అని కేక పెట్టింది. భల్లన్న మండపంలోకి పరిగెత్తాడు. కొంగ వైద్యుడు నల్లమ్మ కట్టు విప్పి, ముక్కుతో తట్టి చూసి, "గిట్ట దక్కింది. ఇవ్వాళ రాకపోతే తీసెయ్యాల్సి వచ్చేది" అన్నాడు. పుల్లయ్య మొహం పక్కకి తిప్పుకుని కాసేపు కొండని చూస్తూ నిలబడ్డాడు.

తిరుగు ప్రయాణంలో ఎండ తగ్గుముఖం పట్టేసరికి మళ్లీ ఆ మలుపు దగ్గరికి వచ్చారు. సింగారయ్య నాలుక బయటపెట్టి బండి నీడలో పడుకుని ఉన్నాడు. పుల్లయ్య ఆపకుండానే పోయేవాడు. నల్లమ్మే గిట్టతో ఆయన సీటుని తట్టింది.

పుల్లయ్య దిగాడు. "బండి అటు తిప్పు. ఆ చట్రం, ఆ మైకులు విప్పి లోపల పెట్టు. ఏసీ ఆపు. కొండ దిగినంతసేపు పెడలు ముట్టుకోకు, బండే నడుస్తుంది, కొంచెం కరెంటు దానికదే పోగుచేసుకుంటుంది. కొండ దిగాక నా వెనకే, నా జోరులోనే రావాలి. వస్తే దొడ్డిదాకా చాలుతుంది. గీసి గీసి చాలుతుంది. అర్థమైందా?"

"అయింది మామా. నువ్వు దేవుడివి మామా."

"దేవుణ్ణి కాదు. ఎద్దుని. వెనక రా."

సింగారయ్య వెనకే వచ్చాడు. కొండ పొడుగునా బుద్ధిగా వచ్చాడు. తాబేలు బొమ్మ పోయింది, తెర మీద పదహారు పడింది. కొండ కింద చదునులో కూడా పుల్లయ్య వెనకే వచ్చాడు, పది, ఏడు, నాలుగు. దొడ్డి గేటు కనిపించింది. గేటు దగ్గర దొడ్డమ్మ, మేకలు, గొర్రెలు, కోళ్లు, అందరూ ఎదురుచూస్తున్నారు.

తెర మీద ఇంకా రెండు ఉంది. గేటు అరకిలోమీటరు కూడా లేదు. ఎద్దు వెనక నక్క రావడం దొడ్డంతా చూస్తుందన్న సంగతి సింగారయ్యకి అప్పుడే తట్టింది.

కాలు అడుగంటా నొక్కాడు. హారను కొట్టుకుంటూ పుల్లయ్యని దాటాడు. కోళ్లు చెల్లాచెదురయ్యాయి. గేటుకి ముప్పై అడుగుల దూరంలో బండి ఒక్కసారి ముందుకి వంగి, ఊపిరి పోయినట్టు ఆగిపోయింది. పుల్లయ్య పక్కనుంచి అదే నడకతో వచ్చి, లోపలికి వెళ్లిపోయాడు.

"ఏమైందిరా సింగారం?" అంది దొడ్డమ్మ.

"ఈ బండి కూడా చెడ్డదే దొడ్డమ్మా! మంచిది మామే ఉంచుకున్నాడు!"

"మామ తోలుకొచ్చింది ఏ బండిరా? నిన్న చెడ్డదని నువ్వు వదిలించుకున్నది కాదూ?"

లోపలి నుంచి బుడ్డెమ్మ గొంతు వినిపించింది: "ఇంకా పదిహేడు పోతుందట!"

ఎవరూ చెయ్యి వెయ్యలేదు. దొడ్డంతా చూస్తుండగా సింగారయ్య బండి వెనక చేరి, వీపు ఆనించి, ముప్పై అడుగులూ ఒక్కడే నెట్టాడు.

నీతి: దూరం బండిలో ఉండదు, తోలేవాడి కాల్లో ఉంటుంది.