తెల్లరాయి దాకా గురి

ఏ కాలం నాటి మాటో గానీ, ఒక కొండకింది ఊళ్ళో కుందేళ్ళు నూకాలు అనే ఆవిడ పెసరచేనును మొదలంటా కొరికేస్తున్నాయి. వల పన్నుదామంటే ఆ ఊరి దొరగారు ఒప్పుకోరు. వేట తన ఒక్కడి హక్కంటారు. ఆయనేమో తన చిన్నగుండ్ల తుపాకి గురిని ఎక్కడో కొండ మొదట్లో ఉన్న తెల్లరాయి దూరానికి కుదిర్పించుకున్నారు. గురి అంత దూరానికి ఎత్తి పెట్టడంతో గుండు, చేని గట్టు పక్కన మేసే కుందేలు వీపు మీదుగా ఎగిరిపోయేది.

"గురి కాస్త దగ్గరికి దించండి బాబూ," అని బతిమాలింది నూకాలు.

"దగ్గర గురి పిరికివాళ్ళకే! నీ కుందేళ్ళే కుదురుగా నిలబడవు."

పంట పోతే పిల్లలకేం పెట్టను తల్లీ అని అమ్మవారికి దణ్ణం పెట్టుకుని, మర్నాడు నూకాలు బుట్ట చంకన పెట్టుకుని, దొరగారిని గట్టు మీదికి పిలుచుకొచ్చింది.

"మీ గురికి తగ్గట్టు తెల్లరాయి పక్కనే ఒక కుందేలును కట్టేయించాను బాబూ. కొట్టి చూపించండి."

ఊరంతా చూస్తోంది. దొరగారు కళ్ళు చికిలించారు. రాయే మసగ్గా ఉంది, ఇంక కుందేలెక్కడ? కనబడలేదంటే పరువేం కాను? పేల్చేశారు.

"చూశావుటే, ఎలా పల్టీ కొట్టిందో!"

"చూశాను బాబూ," అంటూ నూకాలు బుట్ట మూత తీసింది. లోపల కుందేలు తాపీగా పెసరాకు నములుతోంది. "దీన్ని అంత దూరం పంపడానికి మనసొప్పలేదు. కనబడనిదాన్నే పడగొట్టారే, కనబడే దూరానికి గురి పెట్టుకుంటే ఇంకెంత బాగా కొడతారో!"

దొరగారు తుపాకి పనివాణ్ణి కేకేశారు.

"ఒరే, గురి ఈ గట్టు దాకా దించు. ముందు ఆ బుట్ట మూయించు!"