పెన్నేరు వేరుకు గుర్రం వాసన

ఒకప్పుడు పెన్నేరు వేరుకు ఏ వాసనా ఉండేది కాదు. తవ్వి ముక్కు దగ్గర పెట్టుకుంటే ఉత్త మట్టి వాసనే.

ఆ రోజుల్లో ఎర్రమట్టి గుట్టల మీద అడవి గుర్రాల మంద ఒకటి తిరిగేది. ఎనిమిది ఆడగుర్రాలు, ఒక ముసలవ్వ, ఒకే ఒక్క మగగుర్రం. మబ్బు రంగులో ఉంటాడని అతన్ని మబ్బన్న అనేవాళ్లు.

వరసగా మూడేళ్లు వానలు లేవు. గుట్టలు పెనంలా కాలాయి. మబ్బన్న మందను నీడలో ఉంచి, తాను మిట్టమధ్యాహ్నం ఎండలో నీళ్ల కోసం పరిగెత్తేవాడు. ఎక్కడో ఒక చెలమ కనిపెట్టేవాడు. అందరూ తాగాకే తాను తాగేవాడు.

నాలుగో ఏడు వాన కురిసింది. గడ్డి మోకాలెత్తు లేచింది. కానీ మందలో ఒక్క పిల్లా పుట్టలేదు. ఆ మరుసటి ఏడూ పుట్టలేదు.

ముసలవ్వకు కోపం వచ్చింది. "ఏం ఆడవాళ్లే మీరు? పిల్ల గిట్టల చప్పుడు విని ఎన్నాళ్లయింది! మీతోనే మన మంద ఆగిపోవాలా?"

జాజి అనే ఎర్రగుర్రం తలెత్తింది. "అవ్వా, ఎనిమిది మందికీ ఒక్కసారే లోపం వస్తుందా?"

అందరి కళ్లూ మెల్లగా మబ్బన్న వైపు తిరిగాయి.

మబ్బన్న తల వంచాడు. "జాజి నిజమే చెప్పింది. లోపం నాలో ఉంది. వీళ్లని ఏమీ అనకు అవ్వా."

అతను ఒంటరిగా గుట్ట ఎక్కి నిలబడ్డాడు. అప్పుడు కాళ్ల దగ్గర నుంచి ఒక సన్నని గొంతు వినిపించింది.

"మబ్బన్నా, ఆ మూడేళ్ల ఎండ నీ బీజబలాన్ని తాగేసింది. దాన్ని తిరిగిచ్చే శక్తి నా వేరులో ఉంది."

చూస్తే బూడిదరంగు ఆకుల చిన్న మొక్క. పెన్నేరు.

"అయితే నీ వేరు ఇస్తావా తల్లీ?"

"ఇస్తాను. కానీ కరువులో మావాళ్లంతా ఎండిపోయారు. గుట్ట మీద మిగిలింది నేనొక్కదాన్నే."

మబ్బన్న గభాలున వెనక్కి జరిగాడు. "వద్దు! నీ వంశం తుంచి నా వంశం నిలబెట్టుకోను."

గాలి ఆగింది. గుట్ట కూడా ఊపిరి బిగబట్టి విన్నది.

"ఇలాంటి మాట నేనెప్పుడూ వినలేదు," అంది పెన్నేరు. "నా కాయలు పండేదాకా ఆగు. నా గింజలు నాటు. ఆ తర్వాత నన్ను పెకిలించు."

మబ్బన్న చలికాలమంతా ఆగాడు. పలచని పొరల్లోపల పళ్లు ఎర్రగా పండాయి. గిట్టతో నేల తవ్వి ఒక్కో గింజా నాటాడు. చివరికి కళ్లు మూసుకుని వేరు లాగాడు. అది చేదుగా ఉంది. రోజుకో ముక్క నమిలాడు.

కొన్నాళ్లకు మొలకలు వచ్చాయి. వెనకే ఎండాకాలమూ వచ్చింది. మబ్బన్న మొలకలకు అడ్డంగా నిలబడి తన నీడ వాటి మీద పరిచాడు. అతని చెమట ధారలుగా కారి మట్టిలోకి దిగింది. లేత వేళ్లు ఆ తడినే తాగి బతికాయి.

జాజి కడుపుతో ఉందని ముసలవ్వే మొదట కనిపెట్టింది. పదకొండు నెలలు నిండాయి. ఒక తెల్లవారుజామున మబ్బు రంగు పిల్ల పుట్టింది. వణుకుతూ లేచింది, పడింది, మళ్లీ లేచింది. మందంతా కళ్లప్పగించి చూసింది.

నాలుగు రోజులకు ఆ పిల్ల తండ్రి ఒళ్లంతా వాసన చూసి, గుట్ట మీదికి గెంతింది. పెన్నేరు మొక్కల మొదట్లో మట్టి గీరి, ముక్కు పెట్టి ఆగిపోయింది.

"అమ్మా! ఇక్కడ నేల లోపల కూడా నాన్న ఉన్నాడే!"

అప్పటినుంచే పెన్నేరు వేరుకు గుర్రం వాసన వస్తోంది. అందుకే పెద్దలు దాన్ని అశ్వగంధ అని కూడా పిలిచారు.