తడిక ముందు జతమాట

కొండ కింద పాడుబడ్డ దొడ్డిలో కొన్ని మేకలూ, ఓ పొట్టేలూ కాపురం ఉండేవి. దొడ్డికి తలుపు లేదు, వెదురు తడికే. పొద్దు వాలితే చాలు, అందరికీ గుండెల్లో దడ. కిందటి చలికాలం తోడేలు అచ్చం మేకలాగే అరిచి, తడిక తీయించుకుని, ఇద్దర్ని ఎత్తుకుపోయింది మరి.

అప్పట్నించీ ముసలిమేక గౌరమ్మ గొంతుల్ని నమ్మడం మానేసింది. బయట ఎవరొచ్చినా లోపల్నించి ఒక మాట అడుగుతుంది. దానికి జతమాట చెబితేనే తడిక తీస్తుంది. రోజుకో కొత్త మాట.

"మొదటి అక్షరం ఏదైనా పోనీయండర్రా," అని పిల్లలకి నేర్పేది. "ఆ తర్వాతవన్నీ ఒక్కలా మోగాలి. పలక అంటే గిలక. అదే పలకకి పడక అన్నారనుకోండి, చివర 'క' ఉన్నా నడుమ మోత చెడింది. అది జత కాదు."

ఆ సాయంత్రం మంచు ముందే దిగింది. చుక్కి అనే మేక రేగుపళ్లకి ఆశపడి వెనకబడింది. దొడ్డి కనబడుతోందనగా మెడ మీద వేడి ఊపిరి తగిలింది.

"అరిచావో, కొరికేస్తా," అంది తోడేలు. "పద. తడిక తీయించు."

లోపల చుక్కి పిల్లలిద్దరూ ఉన్నారు.

"తీయిస్తే నన్ను వదిలేస్తావా?"

"నిన్నేం చేసుకుంటాను? ఎముకల గూడువి. లోపల లేతవి ఉన్నాయిగా!"

"జతమాట అడుగుతారు..."

"తెలుసులే. పొదలో కూచుని రోజూ వింటున్నా. పలక, గిలక. గంప, చెంప. చివరి అక్షరం కలిస్తే సరి. అదేం బ్రహ్మవిద్యా! కలవని మాట చెప్పావో, నీ పీక అక్కడే."

చుక్కి ఒక్క క్షణం దాని మొహంలోకి చూసింది.

"అంతే దొరా. చివరిది కలిస్తే చాలు," అంది.

తడిక ముందు నిలబడ్డారు. తోడేలు కోర చుక్కి మెడకి ఆనింది.

"ఎవరది?" అంది గౌరమ్మ.

"నేనే పెద్దమ్మా, చుక్కిని."

"అమ్మొచ్చింది!" పిల్లలు గెంతాయి. ఒకటి తడిక గడియ మీద కాళ్లు వేసేసింది కూడా.

"ఆగండర్రా! చుక్కీ, అరక."

'మరక' అని నాలిక చివరిదాకా వచ్చింది. చుక్కి మింగేసింది.

"చిలక," అంది.

తోడేలు మెచ్చుకోలుగా తల ఊపింది.

లోపల పిల్ల ఒకటి "తప్పు!" అనబోతే గౌరమ్మ దాని మూతి నొక్కేసింది. చుక్కి ఏనాడూ జతమాట తప్పింది లేదు. కావాలనే తప్పు చెప్పిందంటే పక్కన ఎవరో ఉన్నట్టే. గౌరమ్మ పొట్టేలు వైపు చూసింది. పొట్టేలు చప్పుడు కాకుండా వెనక్కి వెనక్కి నడిచి, గోడకి ఆని, కొమ్ములు దించింది.

"తీస్తున్నానమ్మా," అంది గౌరమ్మ, ఏమీ ఎరగనట్టు. "పైన వాసం జారింది. బాగా వంగి రా తల్లీ."

చుక్కి దబ్బున నేలని కరుచుకుంది. తడిక తెరుచుకోవడం, పొట్టేలు చుక్కి మీదుగా దూకడం ఒక్కసారే అయ్యాయి. కొమ్ముల దెబ్బకి తోడేలు ఎగిరి రాళ్ల మీద పడింది. దవడ పగిలింది.

"కలిసిందిగా! చివర కలిసిందిగా!" అని మూలుగుతూ మంచులోకి ఈడ్చుకుపోయింది.

"నడుమ సంగతి ఎవడు చూస్తాడురా సన్నాసీ!" అని అరిచింది పొట్టేలు.

గౌరమ్మ చుక్కిని లోపలికి లాక్కుంది. "కోర మెడ మీద ఉండగా తప్పు చెప్పడానికి గుండె ఎలా వచ్చిందే?"

"రాలేదు పెద్దమ్మా," అంది చుక్కి, పిల్లలిద్దర్నీ పొట్ట కిందకి లాక్కుంటూ. "ఇంకా కొట్టుకుంటూనే ఉంది, చూడు."

కొస మాత్రం విని అంతా తెలిసిందనుకుంటే, వినని చోటే దెబ్బ తగులుతుంది.