గీత నిలబడ్డాక నూనె

మా పేటలో గవర్రాజు, సత్తిరాజు అని ఇద్దరన్నదమ్ములు. దేవుడు తెలివి పంచిన రోజున వరసలో ముందు నిలబడింది మేమేనని ఊరంతా చెప్పుకు తిరుగుతారు. నిలబడ్డారు సరే, గిన్నె పట్టుకెళ్ళడం మర్చిపోయారు, సన్నాసులు!

వాళ్ళకో చెల్లెలు, గీత. ఆ కొంపలో బుర్రున్నది ఆ పిల్లకొక్కదానికే. ఆదివారం పెళ్ళిచూపులకి పిఠాపురం వాళ్ళొస్తున్నారు. ఈ సంబంధం కుదిరితే ఈ వెర్రివాళ్ళ నుంచి బయటపడతానని పాపం కనపడ్డ దేవుడికల్లా మొక్కుకుంది.

"వచ్చేవాళ్ళకి మన చేతి సబ్బు పెడదాంరా" అన్నాడు ఆ ఆదివారం పొద్దున్నే గవర్రాజు. ఇంకేముంది, సబ్బులు చేసే పక్కింటి దమయంతి పిన్ని దగ్గరికి పరిగెత్తారు.

"పొయ్యి జోలికి పోకండి నాయనా, ఇది చల్లగా చేసే సబ్బు" అంది పిన్ని. "కొబ్బరినూనెలో కాస్టిక్ సోడా నీళ్ళు పోసి ఆగకుండా తిప్పండి. గీత నిలబడిందా, అప్పుడు అదనంగా గ్లాసుడు ఆముదం పొయ్యండి. ఆ పై నూనెతోనే మెత్తదనం. తర్వాత ముక్కలు కోసి, నెల్లాళ్ళు ఆరబెట్టాకే ఒకరికివ్వాలి."

గీతంటే గరిటె గీసిన గీత. సబ్బు చిక్కబడితే ఆ గీత చెరగకుండా నిలుస్తుంది. అది విడమరిచి చెప్పకపోవడమే పిన్ని చేసిన పాపం.

చల్లగా చెయ్యాలందిగా, ఇంటికి రాగానే చుట్టాలకని అన్నం ఉడుకుతున్న పొయ్యి మీద బిందెడు నీళ్ళు గుమ్మరించారు. ఆగకుండా తిప్పమందిగా, సత్తిరాజు సబ్బు గిన్నె చంకనెట్టుకుని బజారు, సంత, స్టేషను అన్నీ తిప్పుకొచ్చాడు. "ఊరంతా తిప్పినా చిక్కబడదేంట్రా దీని దుంపతెగ!"

గవర్రాజేమో ఆముదం గ్లాసు పట్టుకుని చెల్లెలి పక్కనే కాపలా కూర్చున్నాడు.

"ఏంటన్నయ్యా ఇది?"

"నీకర్థం కాదులేవే. సబ్బు శాస్త్రం!"

పెళ్ళివారొచ్చారు. పెద్దవాళ్ళు గుమ్మంలోకొస్తే ఏ పిల్లయినా కూర్చునే ఉంటుందా? లేచి నమస్కారం పెట్టింది. అంతే! "గీత నిలబడిందిరోయ్!" అని గవర్రాజు గ్లాసంతా ఆ పిల్ల నెత్తిన బోర్లించాడు. కొత్త పట్టుచీర, పూలజడ, అన్నీ ఆముదమే. గీత భోరున ఏడ్చేసింది.

పెళ్ళికొడుకు తండ్రి మంచాయన. నవ్వాపుకుని, "ఏడవకమ్మా. పిల్ల మాకు నచ్చిందయ్యా. మా ఇంటికెప్పుడు పంపిస్తారు?" అన్నాడు. గీత కళ్ళు తుడుచుకుంది. మొక్కు ఫలించిందనుకుంది.

గవర్రాజు మీసం దువ్వాడు. "తొందరపడకండి బాబాయిగారూ. నూనె ఇప్పుడేగా పడింది! ముక్కలు కోసి, నెల్లాళ్ళు ఆరబెట్టి పంపిస్తాం."

సత్తిరాజు లోపల్నుంచి కత్తిపీట పట్టుకొచ్చాడు.

ఇంకేముంది! పెళ్ళివారు చెప్పులైనా వేసుకోకుండా ఆటో దగ్గరికి పరుగు. వాళ్ళకంటే ముందు గీతే ఎక్కి కూర్చుంది. "నన్నూ తీసుకుపోండి మావయ్యగారూ, తలంటు అక్కడే పోసుకుంటాను!"

అన్నదమ్ములిద్దరూ పరిగెత్తి చెరో చెయ్యీ పట్టుకుని లాగారు. జర్రున జారిపోయింది. ఆటో మలుపు తిరిగింది.

ఖాళీ చేతులు చూసుకుని గవర్రాజు తెగ మురిసిపోయాడు. "చూశావురా తమ్ముడూ, సబ్బెంత మెత్తగా కుదిరిందో!"