మాగిందా, ముక్కిందా?

అనగనగా గోదావరి గట్టును ఆనుకుని ఒక అడవి. ఆ అడవిలో గాదెన్న అనే పందికొక్కు ఉండేవాడు. పేరుకు తగ్గట్టే అతని కన్నంలో ఎప్పుడూ గింజలు నిండుగా ఉండేవి. ఎండబెట్టడం, వేపాకు వేయడం, మూతకు మట్టి మెత్తడం, ఈ మూడూ అతనికి తెలిసినట్టు అడవిలో ఇంకెవరికీ తెలియవు. ఒక పని బాగా వచ్చినవాడికి అన్ని పనులూ వచ్చనిపిస్తుంది. గాదెన్నకూ అలాగే అనిపించింది.

ఒక వేసవి మొదట్లో జవ్వాదయ్య అనే పునుగుపిల్లి అతని గుమ్మం ముందు ఆగాడు. లంకల్లో మిగిలిపోయిన పొగాకు ఏరుకొచ్చి, చుట్టలు చుట్టి అమ్మడం అతని పని. చుట్ట కాల్చడం మంచి అలవాటు కాదర్రా, ఆ సంగతి ముందే చెబుతున్నాను. కాల్చినవాడి దగ్గు కథ చివర మీకే వినిపిస్తుంది.

"గాదెన్న బావా, ఇవి కాల్చుకోవడానికి కాదు, దాచుకోవడానికి" అన్నాడు జవ్వాదయ్య. "చుట్ట మాగితే దాని వాసనే వేరు. కొండ మీది గుబురు తాత నిరుడు ఒక మాగిన చుట్ట తీసుకుని తేనెపట్టు ఇచ్చాడు. నా కళ్లతో చూశాను."

అది నిజమే. జవ్వాదయ్య అబద్ధమాడలేదు.

ఒక చుట్టకు ఒక పట్టయితే, జవ్వాదయ్య జొన్నలకు ఇస్తానన్న వంద చుట్టలకు వంద పట్లు. గాదెన్న నోట్లో అప్పుడే తేనె ఊరింది.

"ఎప్పటికి మాగుతాయి?" అని అడిగాడు.

"వానలు దాటితే మాగుతాయి. నువ్వు దాచగలిగితే."

"దాచడం నాకు నేర్పుతావా?" అన్నాడు గాదెన్న నొచ్చుకుంటూ.

లోపలి నుంచి అతని భార్య కొర్రమ్మ వచ్చింది. "ఏమండీ, వానల్లో వాగు పొంగితే నెల రోజులు బయట అడుగు పెట్టలేం. ఇంట్లో ఆరుగురు పిల్లలు. సగం గింజలు ఉంచండి. సగమే ఇవ్వండి."

"సగం ఇస్తే సగమే వస్తుంది" అన్నాడు గాదెన్న.

పది కుంచాల జొన్నలు ఇచ్చేశాడు. ఒక్క కుంచం ఉంచుకున్నాడు. వంద చుట్టలున్న కుండ గాదెలో పెట్టాడు.

పిల్లలు గింజలడిగితే ఒకటే మాట. "చుట్టలు మాగనివ్వండి. తేనె తిందాం."

గింజలకు తేమ పనికిరాదు. అందుకని ముందు చుట్టల్ని ఎండలో పోశాడు. మూడో రోజుకు పైఆకు పెళుసుబారి చిట్లింది. కంగారుపడి వాటి మీద నీళ్లు చిలకరించాడు. చుట్టకు పదును ఉండాలి, అంటే ఎండా తడీ కాని మెత్తదనం. ఆ పదును ఎంతో అతనికి తెలియదు. తెలియదని ఒప్పుకోడు. తడి చుట్టల్ని కుండలో సర్ది, మూతకు మట్టి మెత్తేశాడు.

వానలు పట్టుకున్నాయి. వాగు పొంగింది. ఉంచుకున్న కుంచంలో సగం అయిపోయింది. ఒకరోజు అతను భార్య చూడకుండా మూత తీశాడు. చుట్టల మీద తెల్లటి బూజు. కొన్నిటికి సూదిమొనంత కన్నాలు. వాటిలోంచి ఎర్రటి పురుగులు పాకుతున్నాయి.

"మాగుతున్నాయా?" అని కొర్రమ్మ అవతలి నుంచి అడిగింది.

"మాగుతున్నాయి" అన్నాడు.

పురుగు పడితే గింజల్లో ఏం వేస్తారు? వేపాకు. అతనూ గుప్పెళ్లకొద్దీ వేపాకు కూరి మళ్లీ మూత పెట్టాడు.

వాన ఆగలేదు. చివరి గింజ అయిపోయి రెండు రోజులైంది. నీళ్లు కన్నం గుమ్మం దాకా వచ్చాయి. పిల్లలు ఏడవడం కూడా మానేశారు. అన్నిటికంటే చిన్నది, బుడ్డి, గోడ మట్టి నాకుతోంది. అది చూసి గాదెన్న ఇక ఉండలేకపోయాడు. కుండ వీపుకు కట్టుకున్నాడు. వాగుకు అడ్డంగా పడిన మద్దిచెట్టు మీద, అడుగు జారితే ప్రాణం పోయే చోట, పాకుతూ అవతలి ఒడ్డు చేరాడు. అక్కడి నుంచి కొండెక్కాడు.

గుబురు తాత ముసలి ఎలుగుబంటి. గుహలో దగ్గుతూ కూర్చున్నాడు.

"తాతా, మాగిన చుట్టలు తెచ్చాను. వంద" అన్నాడు గాదెన్న.

తాత ఒకటి తీసి ముక్కు దగ్గర పెట్టుకుని వెంటనే దించేశాడు. "మాగిందో ముక్కిందో చెప్పడానికి కళ్లక్కర్లేదురా, ముక్కు చాలు. ఇవి ముక్కిపోయాయి. పైగా వేప కంపు. ఇది చుట్టా, కషాయమా?"

"బాగున్నవి ఏరి తీసుకో తాతా. నిరుడు తేనెపట్టు ఇచ్చావట కదా."

"నిరుడు ఒకటి కొన్నాను. ఒక్కటే. నాకున్నది ఒక్క నోరు, వందతో ఏం చేసుకోను? ఇప్పుడు ఈ దగ్గు పట్టుకుని అదీ మానేశాను." తాత అతని వీపు వెనక్కి తొంగి చూశాడు. "జొన్నలేమన్నా తెచ్చావా? గంజి తాగితే దగ్గు తగ్గుతుందట. కుంచెడు జొన్నలకు బుట్టెడు దుంపగడ్డలిద్దును."

గాదెన్న తల అడ్డంగా ఊపాడు.

"నీ దగ్గర లేవా? జవ్వాదయ్య గట్టు మీద అమ్ముతున్నాడట. ఈ వానకు కుంచం రెండు తేనెపట్లు అయిందిరా" అన్నాడు తాత. గాదెన్న మొహం చూసి, ఇంకేమీ అడక్కుండా ఆరు గడ్డలు చేతిలో పెట్టాడు.

తిరిగి వస్తుంటే గట్టు మీద జవ్వాదయ్య కనిపించాడు. అతని పక్కన కుంచాలు వరసగా ఉన్నాయి. ఆ జొన్నల్ని గాదెన్న వాసనతోనే గుర్తుపట్టాడు.

"జవ్వాదీ, నీకోసం ఒక్క చుట్టయినా దాచుకున్నావా?"

"లేదు బావా" అన్నాడు జవ్వాదయ్య. "నేను చుట్టేవాణ్ణి. దాచేవాణ్ణి కాదు."

గాదెన్న కుండను వాగులోకి వదిలేశాడు. గడ్డల్ని గట్టిగా పట్టుకుని ఇల్లు చేరాడు. కొర్రమ్మ కుండ ఏదని అడగలేదు. పిల్లల ముందు గడ్డలు పెట్టాడు. ఎవరూ ముట్టుకోలేదు. ఆరుగురూ తండ్రి మొహంలోకే చూస్తున్నారు.

"నాన్నా, ఇవి ఎప్పుడు మాగుతాయి?" అంది బుడ్డి.

గాదెన్నకు ఏడుపొచ్చింది. "మాగక్కర్లేదమ్మా. ఇప్పుడే తినండి" అన్నాడు.

నీతి: దాచే తీరు తెలియని సరుకు కోసం, కొనేవాడెవరో చూసుకోకుండా, ఇంట్లో పిల్లల తిండి గింజలు ఇచ్చేయకూడదు.