ఒక తుమ్ముకు ఆగు, రెండో తుమ్ముకు సాగు

వీరగంధపురం రాజు ఉదయభూపాలుడికి ఆ ఏడు పెద్ద వీధి మీద మోజు పుట్టింది. రాజుగారి మోజంటే మాటలా? కోట గుమ్మం నుంచి అంగడి దాకా ఇళ్ళ అరుగులు కొట్టించి, నాలుగు రథాలు పక్కపక్కన పోయేంత వీధి వేయించాడు. రథాలకి చోటుంది, పల్లకీలకి చోటుంది, గుర్రాలకి చోటుంది. నడిచేవాళ్ళు కూడా ఉంటారన్న సంగతి మాత్రం ఎవరికీ తట్టలేదు. ఎలా తడుతుంది? కొలతలు వేసినవాళ్ళలో కాళ్ళకి పని చెప్పినవాడు ఒక్కడుంటే గదా.

ఆ వీధి మీద పెత్తనమంతా సేనాపతి రుద్రప్ప నాయుడిది. ఆయన జోడుగుర్రాల రథం వస్తోందంటే జనం పిల్లల్ని చంకనేసుకుని గోడలెక్కాల్సిందే. మొన్న గాజుల అచ్చమ్మ వీధి దాటుతుంటే రథం రాసుకుంటూ పోయింది. ప్రాణం దక్కింది గానీ, మలారంలో గాజు ఒక్కటి మిగల్లేదు.

ఈ అచ్చమ్మ ఎవరనుకున్నారు? రాజుగారికి తాంబూలం అందించే కోనప్పకి స్వయానా మేనత్త.

ఓ రోజు సభలో నాయుడు లేచాడు.

"ప్రభూ, వీధికి జనం అడ్డమైపోయారు. శుక్రవారం నుంచి రాజవీధిలో నడక మానిపిద్దాం. నడిచేవాళ్ళు ఊరి వెనకాల డొంకన పడి పోతారు."

కోనప్ప ఆకులకి సున్నం రాస్తూనే అన్నాడు. "రథాలే కాసేపు ఆగితే సరిపోదా నాయుడుగారూ?"

"ఉరికే గుర్రాన్ని ఆపడం మనిషి వల్ల అవుతుందటోయ్? ఆకులు చుట్టుకునేవాడివి, నీకెందుకు ఈ గోల?"

కోనప్పకి ఒళ్ళు మండింది. అత్త ఇల్లు వీధికి ఇవతల, గాజులు తొడిగించుకునే ఇళ్ళన్నీ అవతల. మోకాలి లోతు బురదలో డొంక చుట్టి పోయేసరికి పొద్దు గూకుతుంది. ఇక ఆవిడ తినేదేమిటి, మన్నా?

"ప్రభూ, రేపొక్కరోజు నాకివ్వండి. నడిచేవాళ్ళ కోసం నాయుడుగారు తన రథం తనే ఆపుకుంటారు."

రాజుకి పందెమంటే ప్రాణం. "సరే. భటుల్ని పెట్టకూడదు, రాయీ రప్పా అడ్డం వేయకూడదు, గుర్రాల జోలికి పోకూడదు. ఆగితే నీ మాట చెల్లుతుంది. ఆగకపోతే శుక్రవారం నుంచి అందరికీ డొంకే దారి."

నాయుడు పకపకా నవ్వాడు. పాపం, నవ్వనివ్వండి.

ఇక్కడో ముక్క చెప్పాలి. ఆ ఊరి గొప్పవాళ్ళకి గుర్రాల మీద కంటే శకునాల మీద నమ్మకం జాస్తి. మనకైతే గడప దాటేటప్పుడు ఎవరైనా తుమ్మితేనే పట్టింపు. వాళ్ళకి దారి పొడుగునా పట్టింపే. తుమ్ము చెవిన పడిందా, దిగాలి, కాళ్ళు కడుక్కోవాలి, మంచినీళ్ళు తాగాలి, కాసేపు కూర్చోవాలి. వెంటనే రెండో తుమ్ము పడితే మాత్రం దోషం లేదు, జంట తుమ్ములు శుభం. నాయుడికి ఈ పిచ్చి మరీ ముదిరింది.

మర్నాడు పొద్దున్నే కోనప్ప నశ్యం పొట్లంతో అత్త పక్కన వీధి అంచున చేరాడు. రాజు మేడమీంచి చూస్తున్నాడు. రథం దుమ్ము రేపుకుంటూ వచ్చింది. అత్త ముక్కు దగ్గర చిటికెడు నశ్యం పెట్టాడు కోనప్ప. అచ్చమ్మ తుమ్మితే ఇంటి పెంకులు కదులుతాయని వాడలో పేరు.

"హాచ్!"

"ఆపరా, ఆపు" అని కేకేశాడు నాయుడు. గుర్రాలు నిలబడ్డాయి. ఆయన దిగి, కాళ్ళు కడుక్కుని, చెంబెడు నీళ్ళు తాగి తివాచీ మీద చతికిలబడ్డాడు. ఈలోగా నూలు మూటలవాళ్ళు, కుండలవాళ్ళు, కర్ర పట్టుకున్న ముసలాయన, అందరూ తాపీగా దాటేశారు.

"అత్తా, రెండోది."

"హాచ్!"

నాయుడి మొహం విప్పారింది. "జంట తుమ్ము, శుభం. తోలరా."

పట్టుమని పది బారలు పోలేదు, ఇంకో గుంపు దాటాల్సి వచ్చింది. పొట్లం పట్టుకుని కోనప్పా అత్తా అక్కడికీ చేరారు.

"ముక్కు మండిపోతోందిరా కోనా."

"పగిలిన గాజులు తలుచుకో అత్తా."

అచ్చమ్మ తలుచుకుంది. ఈసారి తుమ్ము మేడమీది రాజుగారికి కూడా వినబడింది.

మధ్యాహ్నానికి నాయుడి పొట్ట నీళ్ళ తిత్తి అయింది. ఆపసోపాలు పడుతూ సభకొచ్చాడు.

"ప్రభూ, ఊరంతా కట్టగట్టుకుని తుమ్ముతున్నారు. వెంటనే తుమ్ములు నిషేధించండి."

కోనప్ప చేతులు కట్టుకుని అన్నాడు:

"తుమ్మును ఆపడం ఎవరి వల్లా కాదు ప్రభూ. గుర్రాన్ని ఆపడం మాత్రం అవుతుందని నాయుడుగారు పొద్దుటి నుంచీ చూపిస్తూనే ఉన్నారు."

రాజు మీసం చాటున నవ్వు దాచుకున్నాడు. నాయుడు ఊరుకుంటాడా?

"అసలు తప్పు వాళ్ళది ప్రభూ. కళ్ళు పెట్టి చూసుకుని దాటితే ఏ రథం ఏం చేస్తుంది?"

"అయితే నువ్వోసారి దాటి చూపించవయ్యా" అన్నాడు రాజు. "నడిచి."

సభ సభంతా గుమ్మం దగ్గరికి కదిలింది. నాయుడు పంచె ఎగ్గట్టి ఒక కాలు వీధిలో పెట్టాడు. మంత్రిగారి బండి రివ్వున పోయింది. కాలు వెనక్కొచ్చింది. రెండో కాలు పెట్టాడు. పల్లకీ మోసేవాళ్ళు "తప్పుకో, తప్పుకో" అంటూ దూసుకుపోయారు, తలపాగా ఎగిరి దుమ్ములో పడింది. నాయుడు అటు చూశాడు, ఇటు చూశాడు. చల్లగా జరుగుతూ జరుగుతూ, చేతిలో నశ్యం పొట్లంతో వీధి అంచునే నిలబడి ఉన్న అచ్చమ్మ పక్కకి చేరి, గొంతు తగ్గించి అడిగాడు:

"అమ్మా, ఆ నశ్యం ఓ చిటికెడు ఇలా పెట్టు తల్లీ."

రాజు కడుపు పట్టుకుని గుమ్మంలోనే కూలబడ్డాడు. నవ్వు ఆగాక, వీధికి రెండు వైపులా నడిచేవాళ్ళకి రాతి అరుగులూ చలువ పందిళ్ళూ వేయించమన్నాడు. మనిషి వీధిలో కాలు పెడితే ఎంతటివాడి రథమైనా ఆగాలన్నాడు. అచ్చమ్మకి మలారం నిండా గాజులిప్పించి, తన మెడలోని ముత్యాల పేట తీసి కోనప్ప మెళ్ళో వేశాడు.

అచ్చమ్మ మాత్రం నాయుడి అరచేతిలో రెండు చిటికెలు పెట్టింది. "ఒకటి దాటే ముందు బాబూ. రెండోది దాటాక, పాపం రథాలవాళ్ళు కూడా ఇళ్ళకి పోవాలిగా" అంది.