నీలవేణి గది తలుపు

రండి పిల్లలూ, చాప మీదికి జరిగి కూర్చోండి. గుమ్మంలో నిలబడ్డ నాన్నలూ రావచ్చు. ఈ కథలో మీకే ఎక్కువ వాటా.

పాలకొల్లులో అచ్యుతరామయ్య మాస్టారికి ఒక అలవాటుండేది. ఎవరేమడిగినా జవాబు చెప్పరు, హోంవర్కు ఇచ్చి పంపుతారు. ఒక ఆదివారం ఆయన పాత శిష్యుడు మురారి వచ్చాడు. అతనూ, భార్య నీలవేణీ ఇంట్లోంచే కంప్యూటరు ఉద్యోగాలు చేస్తారు.

"మాస్టారూ, ఇద్దరిదీ ఒకే పని, ఒకే గంటలు. నేను హాయిగా నెట్టుకొస్తున్నాను. తనేమో అలిసిపోయాను, శుక్రవారం రాజీనామా ఇచ్చేస్తానంటోంది. ఎందుకలా?"

"నువ్వెక్కడ కూర్చుంటావురా?"

"గదిలో, తలుపేసుకుని. తను భోజనాల బల్ల దగ్గర."

"రేపొక్కరోజు చోట్లు మార్చుకోండి. సాయంత్రం వచ్చి చెప్పు."

మర్నాడు నీలవేణి గదిలోకి వెళ్లింది, మురారి బల్ల దగ్గర కూర్చున్నాడు. గ్యాసు బండ తెచ్చినతను "ఓటీపీ చెప్పండి సార్" అంటే, తెర మీంచి చూపు తిప్పకుండా గదివైపు చెయ్యి చూపించాడు. తల్లి బీపీ మాత్రలెక్కడరా అంటే "నీలవేణినడుగమ్మా" అన్నాడు. సెలవుల్లో ఉన్న పాప రిబ్బను పట్టుకుని వస్తే గడ్డంతోనే అటు పొమ్మన్నాడు. ఆ తర్వాత అతనికే కాఫీ తాగాలనిపించింది. పొడి డబ్బా కనబడలేదు. వెళ్లి, తలుపు తట్టి తోశాడు.

లోపల తెర మీద పదిమంది నీలవేణి చెప్పేది వింటున్నారు. ఎడమచేతిలో సగం అల్లిన పాప జడ. ఆమె కుడిచేత్తో మైకు ఆపి, "రెండో అరలో, పసుపు వెనకాల" అంది. మళ్లీ మైకు నొక్కి, వదిలిన మాట దగ్గర్నుంచే అందుకుంది. మురారి కాఫీ పెట్టుకోలేదు.

సాయంత్రం మాస్టారి ముందు అంతా చెప్పాడు, తల వంచుకునే. "సిగ్గుగా ఉంది మాస్టారూ. మీటింగులో ఉందని తెలియక తలుపు తట్టాను. ఒక్కసారే."

"ఒక్కసారేలే. ముందొచ్చిన ముగ్గురికీ ఆ తలుపు చూపించిందెవరు?"

మురారి, "ఇక ఉద్యోగం మానొద్దని తనకి ఏ మొహం పెట్టుకుని చెప్పను?" అన్నాడు.

"నిన్ను చెప్పమన్నదెవరురా? రేపు కూడా బల్ల దగ్గరే కూర్చో," అన్నారు మాస్టారు.

సరే, లేవండి, అన్నాల వేళయింది. పిల్లలూ, మెల్లగా నడవండి. నాన్నలూ, మీరు కాస్త ముందు వెళ్లి కంచాలు పెట్టండి.